మంగళవారం వేణువులు

ఆ జనవరిలో మా ఆయన కోటుకి ఊడిన బొత్తాం కుడదామని తీస్తే, లోపలి జేబులో లిప్‌స్టిక్ దొరికింది.

లిప్‌స్టిక్ అనే అనుకున్నాను. అంతే పొడవు, అంతే లావు, అడుగున తిప్పితే లోపలిది పైకి వస్తుంది. మూత తీసి చూస్తే రంగు లేదు. తెల్లగా, జిడ్డుగా, తేనెమైనం వాసనతో ఉంది. సగానికి సగం అరిగిపోయింది. చలికి పెదాలు పగలకుండా రాసుకునేదేమో అని సరిపెట్టుకుందామన్నా కుదరలేదు. కెనడాలో, ఈ గ్వెల్ఫ్‌లో ఇన్ని చలికాలాలు గడిపినా, పెదాలు పగిలి నెత్తురొచ్చినా, చక్రధర్ కొబ్బరినూనె తప్ప ఏదీ ముట్టిన మనిషి కాదు.

దాన్ని మళ్లీ జేబులోనే పెట్టేశాను. బొత్తాం కుట్టి కోటు తగిలించాను. ఏమీ అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెప్తాడు. ఆ జవాబు నమ్మాల్సి వస్తుంది. అప్పటికే నాకు నమ్మాలనే ఉద్దేశం లేదు.

ఎందుకంటే అంతకుముందే చాలా పోగయ్యాయి. ఫోన్ చేస్తే ఎత్తడు. కట్ చేసి, ‘మీటింగ్‌ల ఉన్న, మెసేజ్ పెట్టు’ అంటాడు. తెలుగు సినిమా పెట్టుకున్నా కింద ఇంగ్లీషు అక్షరాలు పడాల్సిందే. భోజనాల దగ్గర ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి నాకు ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాడు. నేను మాట్లాడుతుంటే ముఖంలోకి కన్నార్పకుండా చూస్తాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ముఖం అంత శ్రద్ధగా చూసిన మొగుడు కాడు. తప్పు చేసిన మగవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా మంచివాళ్లైపోతారని ఎక్కడో చదివాను. అన్నిటికంటే నన్ను కుదిపింది ఇంకొకటి. మాకు లైటు ఆర్పేశాక కాసేపు కబుర్లు చెప్పుకునే అలవాటుండేది. శరదృతువు నుంచి అది పోయింది. లైటు ఆరిందంటే గోడవైపు తిరిగిపోతాడు. పిలిచినా పలకడు.

వీటన్నిటికీ తోడు మంగళవారాలు. ఆ రోజు ఓవర్‌టైమ్ అంటాడు. చక్రధర్ పనిచేసేది కార్ల గేర్‌బాక్సులు తయారయ్యే ఫ్యాక్టరీలో. తయారైన ప్రతి గేర్‌బాక్సునూ తిప్పి, మైకులు పెట్టి మిషన్ వింటుంది. మిషన్ తేల్చుకోలేనివాటిని ఒక మనిషి విని, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పాలి. ఆ మనిషి మా ఆయన. ఫ్యాక్టరీలో ఆయన పేరే ‘చెవి’. ‘చెవిని అడగండి’ అంటారట.

ఒక శనివారం ఇండియన్ గ్రాసరీ బయట అనిత కనిపించింది. వాళ్లాయనదీ అదే ఫ్యాక్టరీ.

“అక్కా, చక్రధర్ గారి ఒంట్లో బాగానే ఉంటోందా?” అంది, కరివేపాకు కట్ట సంచిలో పెట్టుకుంటూ.

“ఏం?”

“ఏం లేదు. మంచి వాటిని కూడా వెనక్కి కొడుతున్నారని లైన్‌లో అందరూ సణుగుతున్నారట. ఇదివరకు అలా కాదంట కదా.”

“ఓవర్‌టైమ్‌తో అలసిపోతున్నారేమోలే.”

అనిత ఆగింది. “ఓవర్‌టైమా? క్రిస్మస్ నుంచి అసలు లేదు కదక్కా. మా ఆయన ఐదింటికల్లా ఇంట్లో ఉంటున్నారు” అని, నా ముఖం చూసి, “వేరే డిపార్ట్‌మెంట్ కదా, ఉందేమోలే” అని సర్దేసింది.

నేనూ నవ్వి సర్దేశాను. కారులో కూర్చున్నాక చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి గానీ, ఎటు తిప్పాలో కాసేపు తెలియలేదు.

*

తర్వాతి మంగళవారం ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా, కాఫీ షాపు పార్కింగ్‌లో మా రెండో కారు ఆపుకొని కూర్చున్నాను. మంచు సన్నగా పడుతోంది. తను వేళకే బయటికొచ్చాడు. ఇంటివైపు కాకుండా డౌన్‌టౌన్ వైపు తిరిగాడు. పాత రాతి చర్చి పక్క సందులో కారు ఆపి, వెనకవైపు హాలు తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. తను తలుపు తీసిన తీరు చూస్తే ఆ చోటు కొత్తకాదని తెలుస్తోంది.

కొంచెం ఆగి నేనూ వెళ్లాను. నాలుగు మెట్లు దిగగానే ఏదో మోత వినిపించింది. మన పిల్లనగ్రోవి కాదు. ఖాళీ సీసా మూతి మీద ఎవరో ఊదుతున్నట్టు గాలి ఎక్కువ, స్వరం తక్కువ. తలుపు సందులోంచి చూశాను.

పొడవాటి మనిషి, అరవై దాటిన తెల్ల ఆవిడ, వెండి జుట్టు చెవుల మీదికి దువ్వుకుని, చెక్క వేణువొకటి నిలువుగా పట్టుకుని ఊదుతోంది. మా ఆయన ఆమెకి ఎదురుగా మోకాలు మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు. తన అరచేయి ఆ వేణువు మీద ఉంది. కళ్లు మూసుకున్నాడు. నా దగ్గర అంత నెమ్మదిగా, అంత నమ్మకంగా కళ్లు మూసుకుని చాలా కాలమైంది.

తలుపు తోశాను. ముందు చూసింది ఆవిడే. ఊదడం ఆపింది. చేతి కింద అదురు ఆగిపోతే తనూ కళ్లు తెరిచాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

“మా ఆవిడ” అన్నాడు ఇంగ్లీషులో, ఎవరో అడిగినట్టు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. “అయితే చివరికి చెప్పేశావన్నమాట!” అంది తనతో. నా రెండు చేతులూ పట్టుకుని, “నా పేరు ఇంగ్రిడ్. రండి, రండి. వాయించడానికొచ్చారా, వినడానికా?” అంది.

ఏం చెప్పేశాడన్నమాట? నేను ఆవిడ చేతుల్లోంచి నా చేతులు తీసుకుని, “వాయించడానికి” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వెళ్లిపోతే ఆ గదిలో మళ్లీ వాళ్లిద్దరే మిగులుతారు. అదొక్కటే నా బుర్రలో ఉంది.

నిజానికి ఇద్దరే కాదు. అప్పుడే డగ్ అనే రిటైరైన పశువుల డాక్టరు మంచు దులుపుకుంటూ వచ్చాడు. ప్రతి మంగళవారం వీళ్లు ముగ్గురూ కలిసి రికార్డర్ అనే ఆ వేణువులు వాయిస్తారట. ఇక్కడ స్కూళ్లలో పిల్లలకి ప్లాస్టిక్‌వి ఇచ్చి నేర్పిస్తారే, అదే జాతి. చక్రధర్ వాయించేది అందులో అన్నిటికంటే పెద్దది, కింది స్వరాలు పలికే బాస్ రికార్డర్. మెడకి పట్టీతో వేలాడేసుకుంటాడు. దాని ముక్కలు ఒకదానిలో ఒకటి బిగుసుకోకుండా కీళ్ల దగ్గర జిడ్డు రాయాలి. ఆ జిడ్డు లిప్‌స్టిక్ లాంటి గొట్టంలో వస్తుంది. తను జేబులోంచి తీసి రాస్తుంటే చూశాను. అంటే ఒక అనుమానం తీరింది. మిగిలినవన్నీ అలాగే ఉన్నాయి.

ఇంటికొచ్చాక అడిగాను. “ఆవిడ ‘చెప్పేశావన్నమాట’ అంది. ఏం చెప్పాలి మీరు నాకు?”

“ఇదే. వేణువు నేర్చుకుంటున్న అని.”

“దీనికి ఓవర్‌టైమ్ అని అబద్ధమెందుకు?”

“నవ్వుతరని.”

“ఎవరు?”

“రిషిత” అన్నాడు.

రిషిత మా అమ్మాయి, పన్నెండో తరగతి. నవ్వే పిల్లే. కానీ తను ఆ పేరు చెప్పేముందు ఒక క్షణం వెతుక్కున్నాడు.

“ఆవిడ ఎక్కడ పరిచయం?”

“పని దగ్గర” అన్నాడు.

*

రిషిత నాలుగో తరగతిలో వాడిన ప్లాస్టిక్ రికార్డర్ బేస్‌మెంట్‌లో దొరికింది. వేడినీళ్లలో కడిగి వాయించడం మొదలుపెట్టాను.

“అమ్మా, ప్లీజ్. ఎనీథింగ్ బట్ దట్” అని రిషిత చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది.

తేలిగ్గా ఉంటుందనుకున్నాను. వేలు చివర వెంట్రుకవాసి తప్పినా అది కీచుమంటుంది. గట్టిగా ఊదకూడదు. కొవ్వొత్తి ఆరకుండా వణికేంత ఊపిరి చాలు. పై స్వరాలకి వెనక బొటనవేలు రంధ్రాన్ని సగమే తెరవాలి. ఆ సగం ఎంతో ఎవరూ చెప్పలేరు, ఎవరికి వాళ్లే కనుక్కోవాలి. చిన్నప్పుడు ఒంగోలులో నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నాను కాబట్టి స్వరాలు పట్టుకోగలిగాను. కానీ స్వరాన్ని కదిపే అలవాటు వేళ్లకి పోలేదు.

“డార్నీ, దాన్ని ఊపకు. నిటారుగా ఉంచు. పక్కవాళ్లది ఎక్కడుందో విని, అందులో నీది కలుపు” అనేది ఇంగ్రిడ్. ఆవిడ నోట్లో ధరణి డార్నీ అయింది.

వాళ్లు వాయించేవన్నీ నాలుగైదు వందల ఏళ్ల కిందటి యూరప్ పాటలు. వాటిలో ఏ ఒక్కరి దగ్గరా పాట మొత్తం ఉండదు. నలుగురి దగ్గరా తలా కొంత ఉంటుంది. ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకుంటారు. మొదటి వారాల్లో నేను నా స్వరాల కాగితం మీంచి తలెత్తలేకపోయాను. ఆ తర్వాత తలెత్తాను. ఇంగ్రిడ్‌నీ చక్రధర్‌నీ చూడటానికే ఎత్తాను.

చూసినకొద్దీ కనిపించింది. పాట మొదలుపెట్టేముందు ఆవిడ తన భుజం తట్టేది. డగ్ భుజం ఎప్పుడూ తట్టలేదు. ఏదైనా చెప్పాలంటే మా ముగ్గురికీ కలిపి చెప్పి, మళ్లీ తనవైపు తిరిగి, తను తలూపేదాకా ఆగేది. వాళ్లిద్దరి మధ్యా వేళ్ల సైగలుండేవి. ఒక వేలెత్తితే ఒకటి, అరచేయి దించితే ఇంకొకటి. ఒక్కోసారి వాయిస్తూ వాయిస్తూ ఇద్దరూ ఒకేసారి నవ్వుకునేవాళ్లు. ఎందుకో నాకు తెలిసేది కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు టీ విరామంలో మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను. “ఇంగ్రిడ్, మీకూ మా ఆయనకీ ఎక్కడ పరిచయం?”

“ఓ, ఒక వెయిటింగ్ రూములో! అక్కడి పత్రికలన్నీ పాతవి. మాట్లాడుకోక తప్పలేదు” అని నవ్వింది.

గది అవతల చక్రధర్ మ్యూజిక్ స్టాండ్ మడుస్తున్నాడు. మేం తన గురించి మాట్లాడుకుంటున్నా ఇటు తిరగలేదు. కావాలనే తిరగలేదనుకున్నాను.

దారిలో అడిగాను. “పని దగ్గర పరిచయమన్నారు. ఆవిడ వెయిటింగ్ రూమంటోంది.”

తను రోడ్డువైపే చూస్తూ డ్రైవ్ చేస్తున్నాడు. చాలాసేపటికి, “హా?” అన్నాడు. మళ్లీ అడిగాను. “పంటి డాక్టర్ దగ్గర” అన్నాడు.

మా ఇంట్లో పంటి డాక్టర్ అపాయింట్‌మెంట్లన్నీ తీసుకునేది నేనే. ఇది మూడో అబద్ధం. ఆ వారమంతా అన్నం వడ్డిస్తూ, బట్టలు మడుస్తూ, ఆఫీసు పని చేసుకుంటూ ఒకటే ఆలోచన. అరవై దాటిన ఆడమనిషి. ఏముంటుంది వాళ్ల మధ్య? ఏమైనా ఉండొచ్చు. నాకు తెలియనిది ఏదో ఒకటి ఆవిడకి తెలుసు. ఆవిడ చూపులో అది కనిపిస్తూనే ఉంది. నన్ను చూసినప్పుడల్లా కొంచెం జాలి, కొంచెం మెచ్చుకోలు. ఆ రెండిట్లో ఏదీ నాకు అక్కర్లేదు.

*

మార్చిలో ఇంగ్రిడ్ మా కుర్చీలు మార్చింది. ఏప్రిల్ ఆఖర్లో చర్చి హాల్లోనే చిన్న కచేరీ పెట్టుకున్నాం. దానికోసం నన్ను చక్రధర్ పక్కన కూర్చోబెట్టింది. ఆవిడ అరువిచ్చిన చెక్క రికార్డర్ అప్పటికి నా చేతికొచ్చింది. చలిలోంచి తీసుకొచ్చిన చెక్కని ఊదేముందు ఒంటికి ఆనించి వెచ్చబెట్టాలి. లేకపోతే లోపల తేమ పట్టి గొంతు పూడుకుపోతుంది. ఆ రోజు నేను సరిగ్గా వెచ్చబెట్టలేదు.

నెమ్మదిగా నడిచే ఒక పాత నాట్యపు పాట అది. సగంలో నా వేణువు పూడుకుపోయింది. పై స్వరం రావాల్సిన చోట బుస్సుమని గాలి వచ్చింది. పాట ఆపడం ఇష్టంలేక వేణువు పెదాల దగ్గరే ఉంచి, ఊదకుండా వేళ్లు మాత్రం ఆడిస్తూ పోయాను. డగ్ ఓరగా చూశాడు. ఇంగ్రిడ్ కనుబొమలెత్తి, పర్వాలేదన్నట్టు తలూపింది. పాట పై భాగమంతా ఖాళీగా ఉండగా, మిగిలిన ముగ్గురి వేణువులే నడిచాయి.

పాట అయిపోయింది. చక్రధర్ బాస్ రికార్డర్ ఒళ్లో పెట్టుకుని నావైపు వంగాడు.

“మస్తు వాయించినవ్. ఆ పైది ఈసారి సాఫ్‌గ వచ్చింది” అన్నాడు.

వెక్కిరిస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. వెక్కిరింత లేదు. మనసారా మెచ్చుకుంటున్నాడు.

“థాంక్స్” అన్నాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక తను గిన్నెలు కడిగి, పంపు కట్టేసి, ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. వీపు నావైపు. నేను టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఇల్లంతా నిశ్శబ్దం.

“ఏవండీ” అన్నాను మామూలు గొంతుతో. “ఇంగ్రిడ్‌కీ మీకూ మధ్య ఏముంది?”

తను ఒక పళ్లెం లైటుకి ఎత్తి చూసుకున్నాడు. మరక పోలేదేమో, మళ్లీ తుడిచాడు.

“రెండు నెలలుగా అడగాలని ఉంది. చెప్పండి, ఏముంది?”

పళ్లెం స్టాండులో పెట్టాడు. గుడ్డ ఆరేసి ఇటు తిరిగాడు. నా ముఖం చూడగానే తన ముఖం మారిపోయింది.

“ఏమన్న అన్నవా?”

“లేదు” అన్నాను. “పాలు తోడెయ్యాలి, గుర్తుచేసుకుంటున్నా.”

*

తర్వాతి మంగళవారం నేను ముందుగా, ఒక్కదాన్నే బస్సులో వెళ్లాను. ఇంగ్రిడ్ కుర్చీలు వేస్తోంది.

“మా ఆయనకి వినపడదు” అన్నాను.

ఆవిడ చేతిలో కుర్చీ చేతిలోనే ఉండిపోయింది. “నీకు తెలుసనుకున్నాను. ఆ రోజు అందుకే వచ్చావనుకున్నాను డార్నీ.”

కుర్చీ కిందపెట్టి, ఒక చేత్తో జుట్టు పక్కకి తీసింది. చెవి వెనక చిన్న మిషన్ ఉంది. రెండో వైపు కూడా చూపించింది. చెవుల క్లినిక్‌లో, పోయిన అక్టోబరులో కలిశారట. పరీక్ష గదిలోంచి బయటికొచ్చి తను గోడవైపు చూస్తూ కూర్చుంటే ఆవిడే పలకరించిందట. పై స్వరాలు ఎగిరిపోయినా కింది స్వరాలు ఇంకా ఉన్నాయి కదా, వచ్చి వాటితో ఏదైనా చెయ్యి అందట. రెండు వేణువులు సరిగ్గా కలవకపోతే మధ్యలో ఒక అదురు పుడుతుంది. చెవికి తెలియకపోయినా చేతికి తెలుస్తుంది. దాన్ని అరచేత్తో పట్టుకోవడం నేర్పింది. భుజం తట్టడం, వేళ్ల సైగలు, ఎదురుగా తిరిగి చెప్పడం, అన్నీ అందుకే.

అంతా విన్నాక గుండె మీంచి బరువు దిగాలి కదా. దిగలేదు. నా అనుమానం ఒట్టిది కాదు. దాచాడు. నా దగ్గర దాచింది ఈ మనిషి దగ్గర దాచలేదు. ఈవిడ తనకి కన్నుతో, చేత్తో అన్నీ చెప్తుంటే, నేను ఇన్ని నెలలు వీపుతో మాట్లాడాను.

ఆ సాయంత్రం వాయించడం అయ్యాక ఇద్దరం తన కారులో కూర్చున్నాం. వేసవికని గడియారాలు గంట ముందుకి జరిపిన కొత్త, ఇంకా వెలుతురుగానే ఉంది. తను స్టార్ట్ చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ముఖం ఇటు తిప్పుకునేదాకా ఆగి అడిగాను.

“ఎంత వినపడుతుంది మీకు?”

తను నా పెదాల వంకే చూశాడు. “ఆమె చెప్పిందా?”

“ఆవిడ కాదు. పోయినవారం నేను ఊదనే లేదు. మస్తు వాయించావన్నారు.”

తను కళ్లు దించుకున్నాడు. మళ్లీ నావైపు చూశాడు.

“మరి గేర్‌బాక్సుల సంగతి?” అన్నాను.

“ఒక్కటి గూడ పాస్ చెయ్యలె, ధరణీ. నాకు తెల్వని ప్రతిదాన్ని వెనక్కి కొట్టిన. మంచివి గూడ పోయినయి కావొచ్చు. చెడ్డది మాత్రం నా చేతి మీంచి పోలే.”

“నాకెందుకు చెప్పలేదు? దారిన పోయే ఆవిడకి చెప్పారు.”

“ఆమెకు నేను చెప్పలె. ఆడ చూసింది, అంతే. మా నాయన స్పిన్నింగ్ మిల్లుల చేసేటోడు, నీకు తెలుసు గదా. చెవులు పోయినంక ఇంట్ల అందరు ఆయనతోని గట్టిగ మాట్లాడేటోళ్లు. అన్నం తిన్నవా, గోలీ ఏసుకున్నవా, తలుపేసినవా. గంతే. పక్కన కూసోని ఏదన్న చెప్పుకొని నవ్వుకుంటుంటే, ఏందిరా అనేటోడు. ఏం లేదు నాయనా అనేటోళ్లు. పెద్ద మాటలైతే అరిచి చెప్తరు. చిన్న మాటలు ఎవరు రెండోసారి చెప్పరు.”

నాకు కోపం పోలేదు. ఏడుపూ రాలేదు. “రేపు ఫ్యాక్టరీలో చెప్పండి” అన్నాను.

“చెప్తే ఆ సీట్ల ఉండనీయరు.”

“ఉండనివ్వకూడదు కూడా.”

తను తలూపాడు. కారు స్టార్ట్ చేశాడు.

*

మర్నాడు చెప్పాడు. ఉద్యోగం తియ్యలేదు గానీ లైన్ మీంచి తీసి, పైన ఆఫీసులో సప్లయర్ల పని ఇచ్చారు. తన సీట్లో స్నేహ అనే కొత్తమ్మాయి కూర్చుంది. ఆ రోజు ఇంటికొచ్చి గరాజ్‌లో కారు ఆపి, అందులోనే కూర్చుండిపోయాడు. నేను వెళ్లి పిలవలేదు. వంట గదిలోంచి గరాజ్‌లోకి వెళ్లే తలుపు మాత్రం తీసి ఉంచాను.

రిషితకి నేనే చెప్పాను. మెట్ల మీద కూర్చుని వింది. సాక్సు అంచు లాక్కుంది.

“సో హీ వాజ్‌న్ట్ మ్యాడ్ ఎట్ మీ?”

“నీమీదెందుకు కోపం?”

ఇంజనీరింగ్‌కి బదులు థియేటర్ కోర్సుకి అప్లై చేశానని డిసెంబరులో అదే మెట్ల మీంచి నాన్నకి చెప్పిందట. సోఫాలో కూర్చుని పేపర్ చూస్తున్న మనిషి తలెత్తలేదట. అప్పటినుంచి అది పలకరించదు, తను గమనించడు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒక్క మనిషిని రెండు వైపుల నుంచి అనుమానిస్తూ బతికాం. ఒకరికొకరం చెప్పుకోలేదు.

రిషిత లేచి వెళ్లి, వాళ్ల నాన్న ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుని, మళ్లీ మొదటినుంచి చెప్పింది. ఈసారి ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నారు. నేను వంటింట్లో నిలబడి ఆ గొడవ చెవులారా విన్నాను.

ఏప్రిల్‌లో చెవి మిషన్లు వచ్చాయి. తనకి నచ్చలేదు. కాగితం నలిపితే పెంకులు పగిలినట్టుందన్నాడు. కానీ పెట్టుకున్నాడు. వేణువు వాయించేటప్పుడు మాత్రం తీసెయ్యాల్సిందే. పొడుగాటి వేణుస్వరాన్ని ఆ మిషన్లు ఏదో ఈల అనుకుని నొక్కేస్తాయి, స్వరం వంకరపోతుంది. ఇంగ్రిడ్ కూడా తన మిషన్లు తీసే వాయిస్తుందని అప్పుడు తెలిసింది. ‘పక్కవాళ్లది విను’ అని మాకు పాఠం చెప్పిన మనిషి సగం వినకుండానే చెప్పిందన్నమాట.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. కుర్చీల్లో సగం ఖాళీ. డగ్ మనవలు, చర్చికొచ్చే కొందరు పెద్దవాళ్లు, అనితా వాళ్లాయనా, వెనక వరసలో ఫోన్ పట్టుకుని రిషిత. మొదలుపెట్టేముందు చక్రధర్ మిషన్లు రెండూ తీసి నా అరచేతిలో పెట్టాడు. వేడిగా ఉన్నాయి. హ్యాండ్‌బ్యాగులో జాగ్రత్తగా వేసుకున్నాను. అవతల ఇంగ్రిడ్ కూడా తనవి తీసి డబ్బాలో పెట్టుకుంటూ చక్రధర్ వంక చూసి కన్నుగీటింది. ఆ ఇద్దరికీ మాత్రమే తెలిసిన నిశ్శబ్దం ఒకటుంది. అందులోకి నేను వెళ్లలేను. అందుకే ఆవిణ్ని ఇప్పటికీ ఓ కంట కనిపెడుతూనే ఉంటాను.

ఆవిడ వేణువు కొంచెం ఎత్తి దించింది. మొదలుపెట్టాం. నా పై స్వరం ఒకచోట కీచుమంది. రెండోసారి అదే చోటికొచ్చినప్పుడు కుదిరింది. నా పక్కన, నా కింద, తన బాస్ రికార్డర్ ఎక్కడా తొట్రుపడకుండా నడిచింది. దాని అదురు నా కుర్చీ కాళ్లలోంచి నాకు తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు నేను డ్రైవ్ చేశాను. రిషిత స్నేహితులతో వెళ్లిపోయింది. తను పక్క సీట్లో వెనక్కి వాలి, అలసటగా, తృప్తిగా కూర్చున్నాడు. మిషన్లు ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.

“ఆఖరి పాటలో డగ్ రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు” అన్నాను రోడ్డు చూసుకుంటూ. “ఏం వాయించాడో ఏమో, ఆపడం మాత్రం అందరితోపాటే ఆపాడు.”

“ఏమన్నవ్?” అన్నాడు తను.

ఏం లేదు అనబోయాను. ముందు సిగ్నల్ ఎర్రబడింది. కారు ఆపి, సీటు బెల్టు సడలించి, పూర్తిగా తనవైపు తిరిగాను. డగ్ గురించి మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను. పేజీలు తిప్పడం చేతులతో చూపించాను. ముక్కు మీదికి జారే అద్దాల్లోంచి కంగారుగా వెతుక్కోవడం చూపించాను. సిగ్నల్ పచ్చబడింది. వెనక కారు హారన్ కొట్టింది. మళ్లీ కొట్టింది. తనకి వినపడలేదు, నా ముఖమే చూస్తున్నాడు. డగ్ ఆఖరి స్వరం అందుకుని అమాయకంగా తలెత్తడం దాకా చెప్పి, తను నవ్వాకే కారు కదిలించాను.